మన ఇంటిపేరు ఎవడు రాసిండు?

జూన్ నెల వచ్చిందంటే మా బడిలో అడ్మిషన్ల పని. రిజిస్టరు ముందేసుకొని కూచుంటాను. మొన్న జూన్‌లో సూర్యాపేట మార్కెట్‌ల హమాలీ పనిచేసే ఒక తండ్రి బిడ్డను పట్టుకొని వచ్చిండు. బిడ్డ పేరు చెప్పిండు. పుట్టిన తారీఖు చెప్పిండు. "ఇంటిపేరు?" అన్నాను. ఆయన నవ్విండు. "మాకేం ఇంటిపేరు ఉంటది సారూ, మీరే ఏదన్న ఒక అక్షరం పెట్టుండ్రి" అన్నడు.

నేను కలం కింద పెట్టిన. ఎందుకంటే చిన్నప్పుడు నన్ను బడికి తీసుకపోయి మా నాయిన కూడ అచ్చం ఇదే మాట అన్నడు. ఆనాటి సారు ఏమీ ఆలోచించలేదు. మా కులం పేరులో మొదటి అక్షరం తీసి నా పేరు ముందు 'ఎం' అని పెట్టిండు. పదో తరగతి మెమో మీద ఆ 'ఎం' ఉన్నది. డిగ్రీ పట్టా మీద ఉన్నది. ఉద్యోగం ఆర్డర్ మీద ఉన్నది. నిజానికి మా ఇంటిపేరు ఏపూరి. ఎన్నడో ఏపూరు నుంచి బతకవచ్చినోళ్ళం గనుక ఏపూరోళ్ళం అయినం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోన్ని నేనే. ఆ మొదటి డిగ్రీ మీద మా ఇంటిపేరు లేదు, మా కులం పొట్టి అక్షరమై కూచున్నది.

ఇది ఒక సారు తప్పు అని నేను అనడం లేదు. ఆ సారు చేతిలో ఉన్నది కలమే, ఆ కలం వెనుక నడిచింది వందల ఏండ్ల రాత. ఆ రాత గురించే ఈ నాలుగు మాటలు.

ఇంటిపేరు లేదన్నది అబద్ధం

దళితులకు ఇంటిపేర్లు లేవని మనకు మనమే చెప్పుకుంటున్నం. ఇది పచ్చి అబద్ధం. మాదిగవాడలో, మాలవాడలో పెండ్లి మాట నడిచేటప్పుడు మొదటి ప్రశ్న ఏంది? "మీరు ఏ ఇంటోళ్ళు?" ఒకే ఇంటిపేరు అయితే అన్నదమ్ముల వరుస అయితది, పిల్లనియ్యరు, పిల్లను చేసుకోరు. అక్షరం ముక్క రాని మా నాయినమ్మ నాలుగు మండలాల చుట్టరికాలు ఇంటిపేర్లతో సహా చెప్పేది. ఎవరి అల్లుడు ఎవరింటోడో, ఏ ఊరోళ్ళు ఏ ఊరికి ఎట్ల వచ్చిండ్రో ఆమెకు తెలుసు. ఇంటిపేరు లేనోళ్ళకు ఈ లెక్క ఎట్ల వస్తది?

నాయినమ్మ ఒక్కతే కాదు. మన చరిత్ర రాసుకునే మనుషులు మనకున్నరు. మాదిగల ఇండ్లకు డక్కలోళ్ళు వచ్చేటోళ్ళు. పటం విప్పి జాంబపురాణం చెప్పేటోళ్ళు, వంశాలు, గోత్రాలు వల్లించేటోళ్ళు. అగ్రకులాలకు కరణం చేతిల దస్తరం ఉంటే, మనకు డక్కలోని నోట్లె దస్తరం ఉన్నది. ఇక్కడ మనం సిగ్గుతో ఒక మాట ఒప్పుకోవాలె. మన పేరు కాపాడిన ఆ డక్కలోన్ని మనం మన వాకిట్ల కూడ కూసోబెట్టలేదు. వాడకు అవతలే ఉంచినం. మనువు మనకు చేసిందే మనం వాళ్ళకు చేసినం. ఇప్పుడు ఆ పటాలు మ్యూజియంలకు చేరుతున్నయి, ఆ నోళ్ళు ఒక్కొక్కటే మూతబడుతున్నయి.

కాబట్టి ఉన్న సంగతి ఇది: ఇంటిపేరు మన నోట్లె ఉన్నది, వాళ్ళ కాగితం మీద లేదు.

పట్వారీ కలం

నైజాం కాలంలో ఊరి కాగితం అంటే పట్వారీ కాగితమే. ఆ కాగితంలో దొరకు ఇంటిపేరు ఉంటది, తండ్రి పేరు ఉంటది, చివర గౌరవం ఉంటది. సూర్యాపేట తాలూకాలో లక్షన్నర ఎకరాల ఆసామి అని తెలంగాణ పోరాట చరిత్రలు చెప్పే దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి. ఇంటిపేరు నుంచి తోక దాకా ఎక్కడా ఒక్క అక్షరం పోలేదు. అదే ఊర్లో వెట్టి చేసేటోడు ఎట్ల ఎక్కిండు? మాదిగ ఎల్లిగ. మాల పుల్లిగ. ఇంటిపేరు ఉండాల్సిన చోట కులం. పేరు చివర 'అయ్య' ఉండాల్సిన చోట 'గ'. ఈ రోజు నలుగురిలో అవమానించాలని కులం పేరుతో తిడితే అత్యాచార నిరోధక చట్టం కింద నేరం. నిన్న అదే పిలుపు సర్కారు రికార్డు!

ఒక్కోసారి కులం బదులు చాకిరీ రాసిండ్రు. చెరువు తూము కాడ నీళ్ళు తిప్పినోడు నీరటి. ఊరి కావలి కాసినోడు తలారి. వెట్టి చేసినోడు బేగారి. ఇవి పని పేర్లు. తరాలు గడిచేసరికి ఇంటిపేర్లు అయినయి. ఇప్పుడు బేగారి అన్న ఇంటిపేరుతో డిగ్రీలు చదివే పిల్లలున్నరు. ఆ మాటకు అర్థం కూలి లేని చాకిరీ అని ఎంతమందికి తెలుసు?

పాలకుర్తి అయిలమ్మ సంగతి చూడండి. ఆమె ఇంటిపేరు చిట్యాల. విసునూరు దొర గుంజుకోబోయిన భూమి మీద, పంట మీద నిలబడి కొట్లాడిన తల్లి. ఆమెకు ఎదురుగా ఉన్నోడు చరిత్రలో రాపాక రామచంద్రారెడ్డి. ఆమె మాత్రం చాకలి అయిలమ్మ. దొరకు ఇంటిపేరు, పోరాడినామెకు కులం! అయితే జనం ఆ పేరునే జెండా చేసిండ్రు. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పేరే పెట్టిండ్రు. కులం పేరు గౌరవం అయింది, మంచిదే. కాని చిట్యాల అన్న ఇంటిపేరు ఎంతమంది విద్యార్థినులకు తెలుసని అడుగుతున్న.

ఇది పేరు ముచ్చట మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇది భూమి ముచ్చట. తెలంగాణలో భూమి తగాదా ఎక్కడ మొదలైనా 1954-55 ఖాస్రా పహాణీ దాకా పోతది. ఆ కాగితంలో తాత పేరు ముందు కులం, తర్వాత వచ్చిన పాసుబుక్కుల ఒక ఇంటిపేరు, ఆధార్‌ల ఇంకొకటి, బడి సర్టిఫికెట్‌ల ఉత్త అక్షరం. నలుగురు ఒక్క మనిషే అని రుజువు చేసే బాధ్యత ఎవనిది? కూలి పోగొట్టుకొని ఆఫీసుల చుట్టు తిరిగే మనదే. మా తాతకు సర్కారు ఇచ్చిన ఎకరంన్నర అసైన్డ్ భూమికి వారసులం మేమే అని చూపెట్టడానికి మా నాయిన ఎన్నేండ్లు తిరిగిండో నాకు తెలుసు. "ఈ పేరు మీది కాదు గదా" అని ఒక ఆఫీసుల అన్న మాట ఆయన చచ్చేదాక మరవలే. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. కంప్యూటర్లు మారినయి. పాత రాతలో మనకు పడ్డ పేరు మాత్రం వెంట వస్తనే ఉన్నది.

పేర్లు ఎక్కడ పుట్టినయి, ఎట్ల పాకినయి

మన ఇంటిపేర్లు పలకండి. మంద, గుర్రం, కత్తి, మేడి, చింత, పిట్ట, నల్ల, ఎర్ర. పశువు, పనిముట్టు, చెట్టు, పక్షి, రంగు. మనిషి దేనితో బతికిండో అదే ఆయన పేరు. ఇంకొన్ని ఊరిపేర్లు. ఒక ఊరి నుంచి కరువుకో, దొర కొట్టుడుకో పారిపోయి ఇంకో ఊరికి వస్తే పాత ఊరే ఇంటిపేరు అయితది. ఆ ఊరి నుంచి వచ్చిన కోమటికీ అదే, రెడ్డికీ అదే, మాదిగకూ అదే. ఒక్క ఇంటిపేరు పది కులాల్లో కనపడితే ఆశ్చర్యం ఎందుకు? అందరం ఒకే మట్టి నుంచి వచ్చినోళ్ళం అనడానికి ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలె?

మన ప్రాంతంలో పేర్లు పాకింది కాలువ వెంట. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్ళు వదిలిండ్రు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పచ్చబడ్డయి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నరు. వాళ్ళ ఇంటిపేర్లు రైసుమిల్లుల బోర్డుల మీద, సినిమా హాళ్ళ మీద ఎక్కినయి. ఆ వలసలోనే నాట్లు వేయడానికి, కోతలు కోయడానికి మాల మాదిగలు కూడ వచ్చిండ్రు. కోదాడ పక్కన గుడిసెలు వేసుకున్నరు. వాళ్ళ ఇంటిపేర్లు ఏ బోర్డు మీద ఎక్కలే. ఓటరు లిస్టుల ఎక్కినయి, అదీ తప్పు స్పెల్లింగుతో. ఇదివరకు కృష్ణకు అవతల ఉన్న ఇంటిపేరు ఇవతల వాడల వినపడితే, దాని వెనుక నెత్తిన మూట పెట్టుకొని నడిచొచ్చిన ఒక తల్లి ఉంటదని గుర్తుపెట్టుకోండి.

స్కాట్లాండ్ పేర్లు చెప్పే పాఠం

ఇది మన దగ్గరే జరిగిందా? కాదు. ఒక దొర పేరుతో మొదలుపెడతా. థామస్ మన్రో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టినోడు. 1800 నుంచి 1807 దాకా రాయలసీమకు కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. అక్కడి జనం పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నరు. ఎక్కడి స్కాట్లాండ్ ఇంటిపేరు, ఎక్కడి సీమ! పన్ను కట్టించుకున్న దొర ఇంటిపేరు రైతు బిడ్డకు పేరయింది. ఆ దొర కచ్చేరి ముందు దూరంగ నిలబడ్డ మాదిగ ఇంటిపేరు ఎవడికన్న పనికొచ్చిందా?

ఆ స్కాట్లాండ్‌లోనే మెక్‌గ్రెగర్ అని ఒక వంశం. 'మెక్' అంటే కొడుకు, గ్రెగర్ కొడుకులు అన్నమాట. కొండల్లో బతికేటోళ్ళు. వాళ్ళ భూములు కాంప్‌బెల్ అనే బలమైన వంశం చేతికి పోయినయి. పొరుగు వంశంతో జరిగిన ఒక కొట్లాటను సాకు చేసుకొని 1603లో రాజు ఆరో జేమ్స్ ప్రభుత్వం ఆ ఇంటిపేరునే నిషేధించింది. మెక్‌గ్రెగర్ అని చెప్పుకుంటే చావే. బతకడానికి వాళ్ళు గ్రాహం అన్నరు, డ్రమ్మండ్ అన్నరు, తమ భూమి గుంజుకున్న కాంప్‌బెల్ పేరు కూడ పెట్టుకున్నరు. ఆ వంశంలో పేరుమోసిన రాబ్‌రాయ్ కూడ తల్లి ఇంటిపేరైన కాంప్‌బెల్ వాడుకున్నోడే. నడుమ కొన్నాళ్ళు ఎత్తేసి మళ్ళీ పెట్టిన ఆ నిషేధం పూర్తిగ పోయింది 1774లో. నూట డెబ్బై ఏండ్లు ఒక ఇంటిపేరు నేరం! అయినా అది చావలేదు. ఇండ్లల్ల గుసగుసగ చెప్పుకున్నరు, రోజు వచ్చినంక బయట పెట్టిండ్రు.

ఆ కాంప్‌బెల్ పేరే ఓడ ఎక్కి జమైకా పోయింది. చెరుకు తోటల యజమానులుగ స్కాట్లాండోళ్ళు పోయిండ్రు, ఆఫ్రికా నుంచి బానిసలను కొన్నరు. ఆ నల్లోళ్ళకు సొంత పేర్లు లేకుండ చేసిండ్రు. 1838లో బానిసత్వం పోయింది గని దొరల ఇంటిపేర్లు మిగిలినయి. ఈ రోజు జమైకాలో కాంప్‌బెల్ అంటే ఎంతోమంది నల్లజాతి బిడ్డలే. అమెరికాలో మాల్కం లిటిల్ ఈ సంగతి కనిపెట్టిండు. లిటిల్ నా పేరు కాదు, మా తాతల యజమాని పేరు అన్నడు. దాన్ని కొట్టేసి 'ఎక్స్' అని రాసుకున్నడు. ఎక్స్ అంటే తెలియని అంకె, దొంగిలించబడిన పేరుకు గుర్తు. నా 'ఎం'ను చూసుకున్నప్పుడల్లా నాకు ఆ 'ఎక్స్' యాదికొస్తది. తేడా ఒక్కటే. ఆయన అక్షరం ఆయనే పెట్టుకున్నడు. నా అక్షరం నాకు ఇంకొకడు పెట్టిండు.

మనోళ్ళు పేర్లు మార్చింది ఎందుకు

పేరును ఆయుధం చేసిన పెద్దలు మనకు ఉన్నరు. హైదరాబాదులో మాదరి భాగయ్య భాగ్యరెడ్డి వర్మ అయిండు. అగ్రకులాల తోకలు తీసి తన పేరుకు తగిలించుకున్నడు. 1917 నవంబరులో బెజవాడ సభకు పంచమ మహాసభ అని పేరు పెట్టి పిలిస్తే, మేం పంచములం కాదు ఈ నేలకు ఆదివాసులం అని ఆ సభనే ఆది ఆంధ్ర సభ చేసిండ్రు. నిజాం రాజ్యంలో ఆది హిందువులు అన్న పేరు 1931 జనాభా లెక్కల్ల ఎక్కేదాక కొట్లాడిండ్రు. సర్కారు కాగితం మీద మన పేరు మనం రాయించుకున్న పని అది.

బాబాసాహెబ్ తండ్రి రాంజీ మాలోజీ సక్‌పాల్. ఊరు రత్నగిరి జిల్లా అంబడవే. ఆ ఊరిపేరు మీద అంబడవేకర్ అయి, బడిలో అంబేడ్కర్‌గ నిలిచింది. మారుమూల పల్లె పేరు ఈ రోజు కోట్ల మందికి ఇంటిపేరు లాంటిది. పేరులో ఏమున్నది అని మేధావులు అంటరు. 2022 మే 24న అమలాపురం ఏమన్నది? కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దని మంత్రి ఇల్లు తగలబెట్టిండ్రు. పేరులో ఏమున్నదో వాళ్ళకు బాగ తెలుసు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోర మోగింది. తిట్టుగ వాడిన మాటను మంద కృష్ణ మాదిగ తన పేరు చివర పెట్టుకున్నడు. వెనుక వేలమంది పెట్టుకున్నరు. పట్వారీ పేరు ముందు రాసిన మాదిగకు, మనం పేరు వెనుక రాసుకున్న మాదిగకు భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. ఒకటి వాడు రాసింది, ఒకటి మనం రాసింది. అయితే గమనించండి, ఆయన 'మంద'ను కొట్టేయలేదు. ఇంటిపేరు ముందర, కులం వెనుక. రెండూ ఉన్నయి.

కోదాడ, మిర్యాలగూడ వాడల్లో ఇంకో బాధ. చర్చిల ఏలియా, సర్టిఫికెట్ల ఎల్లయ్య. ఎందుకీ రెండు పేర్లు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిండ్రు. క్రైస్తవులను చేర్చలేదు, బీసీ-సిలో పెట్టిండ్రు. వాడ అదే, వివక్ష అదే, ప్రభువు మారిండని హక్కు పోయింది. అందుకే ఒక మనిషి రెండు పేర్లతో బతుకుతుండు. ఇది ఆయన మోసం కాదు, చట్టం చేసిన మోసం.

వాసన చూసే లోకం

ఇప్పటి పిల్లలు ఇంటిపేరు దాస్తున్నరు. వాళ్ళను తిట్టను. సూర్యాపేటలో కిరాయి ఇల్లు అడిగితే మొదట పేరు అడుగుతరు, తర్వాత "ఇంటిపేరేంది" అంటరు. దాంతో తేలకపోతే "మీ వైపు ఎవరెవరు ఉంటరు" అంటరు. అదీ తేలకపోతే "మేం ఎవరికీ ఇయ్యం" అంటరు. ప్రేమించి పెండ్లి చేసుకున్న పాపానికి 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, కడుపుతో ఉన్న భార్య కండ్ల ముందే ఒక దళిత యువకుడిని నరికిండ్రు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, మిగిలినోళ్ళకు యావజ్జీవం వేసింది. ఆ పిల్లగాని పేరు వాళ్ళకు తెలవదా? తెలుసు. చదువు తెలుసు, ఇల్లు వాకిలి తెలుసు. పేరు ఎంత నాజూకుగ ఉన్నా కులం వెతికేటోడు వెతుకుతడు.

2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయినంక సర్కారోళ్ళు చేసిన పనేంది? చంపిన పరిస్థితులు వదిలేసి చచ్చినోని కులం తవ్విండ్రు. పెంచిన తల్లి వాడ లెక్క కాదు, వదిలేసిన తండ్రి ఇంటిపేరే లెక్క అన్నట్టు మాట్లాడిండ్రు. కులాంతర సంతానం విషయంలో తండ్రి కులమే ఖాయం కాదు, బిడ్డ ఎక్కడ ఎట్ల పెరిగిందో చూడాలని 2012లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ తల్లి రుజువులు చూపుతూ తిరగవలసి వచ్చింది. ఇంటిపేరు తండ్రిదే ఎందుకు కావాలె? మా అమ్మను మా ఊర్లో ఎవరూ ఇంటిపేరుతో పిలవలే. పుట్టింటి ఊరు కలిపి "తుంగతుర్తామె" అన్నరు. పట్వారీ మా నాయిన ఇంటిపేరు తీస్తే, మేం మా అమ్మ ఇంటిపేరు తీసినం. ఈ లెక్క కూడ సరిచేయాలె.

అందుకే నేను చెప్పేది ఇది. దాస్తే కులం పోదు. దాస్తే మన చరిత్ర పోతది. గుడిసె పోయినా, భూమి పోయినా, నోట్లె మిగిలిన ఆస్తి ఇంటిపేరు. దాన్ని కాగితం మీద మన చేతితో ఎక్కించాలె.

మరి ఏం చేయాలె? బడిలో పనిచేసే మన ఉద్యోగులకు ముందు చెబుతున్న. ఉత్త అక్షరం రాయకండి. కులం అక్షరం అసలే రాయకండి. తెలియదన్న తల్లిదండ్రులను ఒక్క రోజు ఆగి ఇంట్లో ముసలోళ్ళను అడిగి రమ్మనండి. చదువుకున్న పిల్లలు ఒక నోటుబుక్కు కొనండి, వాడలో ముసలవ్వల దగ్గర కూచోండి. ఏ ఇంటిపేరు, ఏ ఊరి నుంచి, ఎందుకు వచ్చిండ్రు, అమ్మమ్మ ఇంటిపేరేంది, అన్నీ రాయండి. డక్కలోళ్ళను ఇంట్లకు పిలిచి కుర్చీ వేసి రాయండి. పాసుబుక్కు, ఆధార్, బడి సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి పేర్లు కలుస్తున్నయో లేదో ఇప్పుడే చూసుకోండి, తండ్రి పోయినంక కాదు. 2024 నవంబరులో రాష్ట్రంలో ఇంటింటి కులసర్వే జరిగినప్పుడు టీచర్లను ఎన్యూమరేటర్లుగ పంపిండ్రు. నేనూ తిరిగిన. కులం అడిగితే నేల చూసిన మనుషులను చూసిన. 2027 జనగణనలో కూడ కులం లెక్కిస్తమని కేంద్రం ప్రకటించింది. ఆ రోజు తల ఎత్తి చెప్పండి. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు, ఆ తర్వాత కులం. మూడూ మనవే.

ఆ హమాలీ తండ్రి మరునాడు వచ్చిండు. రాత్రి వాళ్ళమ్మను అడిగిండట. ముసలామె గంటసేపు చెప్పిందట, ఇంటిపేరు ఒక్కటే కాదు, అది పుట్టిన ఊరు, ఆ ఊరి చెరువు, చెరువు కట్ట మీద తన మామను కొట్టిన దొర పేరు. "ఇంత సంగతి ఉన్నదని నాకే తెల్వదు సారూ" అన్నడు. నేను బిడ్డ ఇంటిపేరు పూర్తిగ రాసిన. ఒక్క అక్షరం కాదు, మొత్తం. ఆ పిల్ల రిజిస్టరు మీద వేలుపెట్టి కూడబలుక్కుంట చదివింది.

ఆ రిజిస్టరు మూసినంక నా 'ఎం' సంగతి యాదికొచ్చింది. గెజిట్‌ల మార్చుకోవడానికి దరఖాస్తు రాస్తున్న. నలభై దాటినంక ఎందుకీ తిప్పలు అన్న మిత్రులకు నా జవాబు ఒక్కటే. నా పిల్లల సర్టిఫికెట్ మీద ఆ పట్వారీ కలం నడవొద్దు.

జై భీం.